మొక్కజొన్న చేలో ఇద్దరు దొంగలు: పగలు కోతి, రాత్రి కత్తెర పురుగు

వరి కోత అయింది. ధాన్యం కాటా వేసి పంపారు. మాగాణిలో తడి ఆరకముందే వరి మోళ్ళ మధ్య తాడు పట్టి, కర్రతో గుంటలు చేసి, గుంటకో మొక్కజొన్న గింజ వేశారు. దుక్కి లేదు, దమ్ము లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల రైతు సోదరులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఇదే మాగాణిలో వరి కోతకు ముందు మినుము చల్లి ఇంటికి పోయేవాళ్ళం. పల్లాకు తెగులు వచ్చింది, బంగారు తీగ అల్లుకుంది, కాలువ నీళ్ళు ఆలస్యమై వరి కోత వెనక్కి జరిగింది. అన్నీ కలిసి చాలామందిని మొక్కజొన్న వైపు, జొన్న వైపు తిప్పాయి.

మొక్కజొన్నకు పెట్టుబడి మినుము కంటే ఎక్కువ. విత్తనం కొనాలి, ఎరువు వేయాలి, నీళ్ళు పెట్టాలి. కౌలు రైతయితే వీటన్నిటి మీద కౌలు. ఇంత పెట్టిన చేనులోకి ఇద్దరు దొంగలు దిగుతున్నారు. ఒకడు పగలు వస్తాడు, మన కళ్ళెదుటే కండె విరుచుకుపోతాడు. రెండోవాడు రాత్రి వస్తాడు, వచ్చినట్లు కూడా తెలియదు. మొదటివాడు కోతి. రెండోవాడు కత్తెర పురుగు.

"కోతికీ పురుగుకీ పోలికేమిటండీ?" అంటారా? ఒకటి చెట్టెక్కే జంతువు, ఒకటి రెక్కల పురుగు. కానీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. కోతి మీద పనిచేసే ఉపాయం పురుగు మీద పనిచేయదు. పురుగుకు చేసే వైద్యం కోతికి చేస్తే మనమే జైలుకు పోతాం. ఎవరితో ఎలా వేగాలో తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్ళే మనలో ఎక్కువ. అందుకే ఈ వారం ఆ పోలిక చేసి చూద్దాం.

ఎవరీ ఇద్దరూ?

ముందు కోతి సంగతి. మన ప్రాంతపు సొంత కోతి టోపీ కోతి. నడినెత్తి నుంచి జుట్టు చుట్టూ పరుచుకుని చిన్న టోపీ పెట్టినట్లు ఉంటుంది. తోక పొడుగు. ఇది దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. ఉత్తరాది కోతి వేరు. దాని తోక పొట్టి, వెనకభాగం ఎర్రగా ఉంటుంది. దాన్ని ఎర్రకోతి అందాం. ఈ ఎర్రకోతి ఏటికేడాది దక్షిణానికి జరుగుతూ టోపీ కోతి ఉండే చోట్లను ఆక్రమిస్తోందని పరిశోధకులు 2011లోనే రాశారు. ఒక ఊళ్ళో పట్టి మరో ఊళ్ళో వదలడం కూడా ఈ కలగాపులగానికి ఒక కారణం. మన చేలను పాడుచేస్తోంది గనుక కోతులు విపరీతంగా పెరిగాయని మనం అనుకుంటాం. కానీ మొత్తం మీద చూస్తే టోపీ కోతి తగ్గిపోతోందని, ముప్పు పొంచి ఉన్న జంతువుల జాబితాలో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ దాన్ని చేర్చింది. అడవిలో, రోడ్ల వెంట ఉన్న చెట్ల మీద తగ్గింది. ఊళ్ళో, చేలో కనబడుతోంది. తేడా అక్కడే ఉంది.

ఇక కత్తెర పురుగు. ఇది మన దేశపుది కాదు. పుట్టిల్లు అమెరికా ఖండం. 2016లో ఆఫ్రికాలో కనబడింది. 2018 మేలో మన దేశంలో మొదటిసారి కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా మొక్కజొన్న చేలల్లో దొరికింది. అదే ఏడాది మన రాష్ట్రానికీ వచ్చింది. 2019లో చైనా, 2020లో ఆస్ట్రేలియా చేరింది. నాలుగేళ్ళలో సగం ప్రపంచం చుట్టిందన్నమాట. దీని తల్లి పురుగు గాలివాటం చూసుకుని ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదు. తెనాలి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి రేపల్లె దానికి ఒక లెక్కలోది కాదు.

ఈ పురుగును గుర్తుపట్టడం తేలిక. పెరిగిన గొంగళి తల మీద ఇంగ్లీషు 'వై' అక్షరం తిరగేసినట్లు తెల్లని గీత ఉంటుంది. తోక వైపు చివరి నుంచి రెండో కణుపు మీద నాలుగు నల్లచుక్కలు చదరంగా ఉంటాయి. ఈ రెండు గుర్తులూ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పొగాకు లద్దె పురుగు దీనికి దాయాది. మినుములో, వేరుశనగలో మీరు చూసేది ఆ దాయాదినే.

లెక్క వేసి చూడండి

ఇద్దరి సంసారాలూ చూస్తే నష్టం ఎలా వస్తుందో అర్థమవుతుంది.

ఆడ కోతి ఈడుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. కడుపు మోసేది సుమారు అయిదున్నర నెలలు. ఒక కాన్పుకు ఒకటే పిల్ల. ఏడాదికి ఒక కాన్పు అయితే గొప్ప. ఇరవై కోతుల గుంపులో ఆరు ఆడవి ఈడుకొచ్చినవి ఉన్నాయనుకుందాం. ఏడాది తిరిగేసరికి మహా అయితే ఆరు పిల్లలు. అందులో కొన్ని చచ్చిపోతాయి. అయితే బతికిన కోతి ఇరవై ఏళ్ళ పైన కూడా బతకగలదు.

కత్తెర పురుగు తల్లి బతికేది పది రోజులు అటూఇటూ. ఈలోగా పెట్టే గుడ్లు వెయ్యి పైన. ఒక్కోచోట నూరు, రెండు నూర్లు గుంపుగా పెట్టి, పైన బూడిదరంగు నూగు కప్పుతుంది. రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. గొంగళి రెండు మూడు వారాలు తిని, మట్టిలోకి దిగి నిద్రపోతుంది. మరో వారం పది రోజులకు రెక్కలతో బయటికొస్తుంది. వేడి బాగా ఉంటే నెలా నెలా పది రోజుల్లో ఒక తరం పూర్తి.

ఇప్పుడు లెక్క. తల్లి వెయ్యి గుడ్లు పెట్టింది. నూటికి తొంభై తొమ్మిది పక్షులో, చీమలో, వానో పొట్టన పెట్టుకున్నాయనుకుందాం. మిగిలినవి పది. అందులో సగం ఆడవి, అంటే అయిదు. రెండో తరానికి ఇరవై అయిదు ఆడవి. మూడో తరానికి నూట ఇరవై అయిదు. నూటికి తొంభై తొమ్మిది చచ్చినా ఒక్క తల్లి నుంచి ఒక పంటకాలంలో ఇంత సంతానం. అదే మొదటి తల్లి పెట్టిన గుడ్లను మొదటి రెండు వారాల్లోనే చేత్తో నలిపేస్తే ఈ లెక్క మొదలే కాదు.

దీన్నిబట్టి తేలేదేమిటి? పురుగు బలం సంతానంలో ఉంది. కోతి బలం తలకాయలో ఉంది. పురుగును మొదట్లోనే తుంచాలి. కోతిని చంపి తగ్గించగలం అనుకోవడం దండగ, పైగా నేరం. దాన్ని చేనుకు దూరంగా ఆపాలి.

పంటలో ఎవరి వంతు ఎప్పుడు?

కత్తెర పురుగు వంతు ముందు వస్తుంది. మొలక వచ్చిన వారం పది రోజుల నుంచే ఆకుల మీద గుడ్ల గుంపులు కనబడతాయి. చిన్న పురుగులు ఆకును గీకి తింటాయి. పచ్చదనం పోయి తెల్లని పొరలు, అద్దం పెంకుల్లా మిగులుతాయి. తరువాత సుడిలోకి దూరతాయి. ఆకు విచ్చుకున్నప్పుడు వరసగా చిల్లులు కనబడితే, సుడిలో రంపపు పొట్టు లాంటి రెట్ట కనబడితే లోపల పెద్ద పురుగు కూర్చుందన్నమాట. అది సుడిలో కూర్చుని పైన రెట్టతో తలుపు వేసుకుంటుంది. అప్పుడు మందు కొట్టినా లోపలికి దిగదు. మొదటి నెల, నెల పదిరోజులు దీని ముఖ్యమైన కాలం. తరువాత జల్లు, కండె కూడా తింటుంది.

కోతి వంతు రెండుసార్లు. గింజ వేసినప్పుడు కొన్నిచోట్ల గుంటలు కెలికి గింజ ఏరుకుంటుంది. అసలు దెబ్బ కండె పాలు పోసుకున్నప్పటి నుంచి. కోతి ఒక కండె కడుపునిండా తిని వెళ్ళదు. ఒకటి విరుస్తుంది, రెండు పళ్ళు పెడుతుంది, పారేస్తుంది, మరొకటి విరుస్తుంది. బుగ్గల్లో సంచులుంటాయి. తొందరలో వాటిలో కుక్కుకుని గట్టు మీదికి పోయి తీరిగ్గా నములుతుంది. తిన్నదానికంటే పాడుచేసింది ఎక్కువ. అరటి ఉన్న లంక భూముల్లోనూ, వేరుశనగ వేసే బాపట్ల ఇసుక నేలల్లోనూ ఇదే తంతు.

ఇద్దరి వేళలూ వేరు. తల్లి పురుగు పొద్దుగూకాక ఎగురుతుంది, గుడ్లు పెడుతుంది. గొంగళి కూడా ఎండకు సుడిలో దాగి సాయంత్రం పైకొస్తుంది. కోతి పొద్దున్నే, మళ్ళీ ఎండ తగ్గాక వస్తుంది. చీకటి పడితే చెట్టెక్కి కూర్చుంటుంది. కాబట్టి పురుగు మందు కొట్టడానికి సాయంత్రం మంచిది. కోతికి కాపలా పొద్దున్న, సాయంత్రం రెండు పూటలా ఉండాలి. రాత్రంతా మేలుకుని కోతికి కాపలా కాస్తే నిద్ర పాడు తప్ప లాభం లేదు.

కోతి నేర్చుకుంటుంది, పురుగు మారుతుంది

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఈ మాట గుర్తుంచుకోండి.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనవాళ్ళందరికీ తెలిసిందే. ఒక్కసారి వేడిపాలకు మూతి కాలిన పిల్లి, ఆ తరువాత పాలగిన్నె చూస్తేనే పరుగు తీసింది. ఆ కథలో పిల్లి చేసిన పనే కోతి చేస్తుంది, తిరగేసి కూడా చేస్తుంది. కాలితే పారిపోవడం నేర్చుకుంటుంది. కాలదని తెలిస్తే తిరిగి రావడం అంతకంటే తొందరగా నేర్చుకుంటుంది. చేలో దిష్టిబొమ్మ పెట్టారు. మొదటి రోజు గట్టు మీద ఆగి చూస్తుంది. అది కదలదని తెలిశాక దాని భుజం మీద కూర్చుని కండె తింటుంది. టపాకాయ మోతా అంతే, టేపురికార్డరులో పులి అరుపూ అంతే. ఒక కోతి నేర్చుకున్నది చూసి గుంపు అంతా నేర్చుకుంటుంది.

శివమొగ్గ జిల్లాలోనే, అంటే కత్తెర పురుగు మన దేశంలో మొదట దొరికిన ఆ జిల్లాలోనే, 2019లో ఒక రైతు తన కుక్కకు పులిచారలు వేసి కోతుల మీదికి వదిలాడని పత్రికలు రాశాయి. మన పక్క రాష్ట్రం సిద్దిపేట జిల్లాలో 2022లో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి ఎలుగుబంటి వేషం వేసిన మనిషిని చేలో తిప్పాడు. నవ్వుకోకండి. ఆ రెండు ఉపాయాల్లోనూ ఒక తెలివుంది. కుక్క కదులుతుంది, మనిషి కదులుతాడు. ఎటు నుంచి వస్తాడో కోతికి తెలియదు. కదలని బొమ్మకు లేని విలువ కదిలే వేషానికి ఉంది.

పురుగుకు ఈ తెలివి లేదు. నిన్న మందు కొట్టారని ఇవాళ మరో చేనుకు పోదు. కానీ తరాలు మారేకొద్దీ అది మారుతుంది. ఒకే మందు పదేపదే కొడితే, దానికి చావని నాలుగు పురుగులు మిగులుతాయి. వాటి పిల్లలు కూడా ఆ మందుకు చావవు. అయిదారు తరాలు తిరిగేసరికి చేలో ఉన్నవన్నీ అలాంటివే. నెలకో తరం గడిచే జీవికి ఇది ఎంతసేపు?

ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల నెత్తిన పడిన పిడుగు ఇదే. శనగపచ్చ పురుగు మీద సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మొదట బ్రహ్మాండంగా పనిచేశాయి. పనిచేస్తున్నాయి కదా అని అవే కొట్టారు. మోతాదు పెంచారు, తడవలు పెంచారు. చివరికి పురుగు చావలేదు, రైతు చితికిపోయాడు. ఆ రోజులు చూసిన పెద్దలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, అడిగి చూడండి. కత్తెర పురుగు కూడా ఇలాంటి ఘనురాలే. దీన్ని చంపడానికి బీటీ మొక్కజొన్న వేసిన పోర్టోరికో అనే దీవిలో, 2006 నాటికే ఆ రకం దాని మీద పనిచేయకపోవడంతో విత్తనాన్ని అమ్మకం నుంచి తీసేయాల్సి వచ్చింది.

కాబట్టి సూత్రం ఒకటే, వరస వేరు. కోతికి ఉపాయం మార్చండి, మూడు నాలుగు రోజులకొకసారి. పురుగుకు మందు తరగతి మార్చండి, తడవ తడవకూ.

కత్తెర పురుగుకు ఏం చేయాలి?

ఒకటి: చుట్టుపక్కల రైతులంతా వీలైనంత వరకు ఒకే వారం పది రోజుల్లో విత్తండి. ఒకరు నవంబరులో, ఒకరు జనవరిలో వేస్తే ముందు చేనులో పుట్టిన పురుగు వెనక చేనుకు వలస వస్తుంది. వెనక వేసినవాడికే దెబ్బ ఎక్కువ.

రెండు: విత్తనశుద్ధి. సయాంట్రానిలిప్రోల్, థయోమిథాక్సామ్ కలిసిన మందు కిలో విత్తనానికి 4 మి.లీ. చొప్పున పట్టిస్తే మొదటి రెండు మూడు వారాలు మొక్కకు కాపుదల ఉంటుంది. కొన్న విత్తనానికి ఇప్పటికే మందు పట్టించి ఉందేమో సంచి మీద చూసుకోండి.

మూడు: ఎకరాకు 4 లేక 5 లింగాకర్షక బుట్టలు పెట్టండి. అందులో మగ రెక్కల పురుగులే పడతాయి. వీటితోనే పురుగంతా పోతుందనుకోవద్దు. ఇవి కబురు చెప్పే పెట్టెలు. బుట్టలో రెక్కల పురుగు పడిందంటే చేలో గుడ్లు వెతకడం మొదలు పెట్టండి.

నాలుగు: వారానికి రెండుసార్లు చేలో నడవండి. అయిదు చోట్ల ఆగి, చోటుకు ఇరవై మొక్కలు చూడండి. మొత్తం నూరు మొక్కలు. గుడ్ల గుంపు కనబడితే నలిపేయండి. ఇంటిల్లిపాదీ చేయగల పని ఇది. పైసా ఖర్చు లేదు. పక్షులు వాలడానికి ఎకరాకు పది టి-ఆకారపు కర్రలు నాటండి. గోరింకలు, పసులపోలిగాళ్ళు మీ కూలీ లేని కూలీలు. కండె గింజ కట్టే వేళకు ఆ కర్రలు తీసేయండి.

అయిదు: లేత పైరులో నూరు మొక్కల్లో అయిదింటి మీద గుర్తులు కనబడగానే వేపమందు, అజాడిరక్టిన్ 1500 పి.పి.యం. లీటరు నీటికి 5 మి.లీ. కలిపి కొట్టండి. గుడ్లకు, చిన్న పురుగులకు ఇది సరిపోతుంది.

ఆరు: పురుగు పెరిగి సుడిలో చేరుతుంటే ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం లీటరుకు 0.4 గ్రాములు, లేదా స్పైనెటోరామ్ 0.5 మి.లీ., లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 మి.లీ. ఈ మూడూ మూడు వేర్వేరు తరగతుల మందులు. ఒక తడవ ఒకటి కొడితే మరుసటి తడవ రెండోది కొట్టండి. రెండు మూడు మందులు ఒకే డబ్బాలో కలిపి కొట్టకండి. మందు సుడిలో పడేటట్లు, నాజిల్ పైనుంచి సుడి మీదికి పెట్టి కొట్టాలి. ఆకుల మీద చల్లిన మందు నేలపాలే.

ఏడు: పెద్ద పురుగులు మిగిలితే విషపు ఎర. ఎకరాకు 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్ళతో కలిపి ఒకరోజు పులియబెట్టి, వాడే అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి చిన్న ఉండలుగా సుడుల్లో వేస్తారు. దీని సంగతి కింద మళ్ళీ చెబుతాం. అది చదవకుండా ఎర కలపకండి.

కండె వచ్చాక మందు కొట్టడం లాభం లేని పని. అప్పుడు చేత్తో ఏరడమే. పచ్చి కండెలు అమ్మేవారు మందు డబ్బా మీద రాసిన గడువు దాటకుండా కండె విరవకూడదు.

కోతికి ఏం చేయాలి?

మొదటి పని చేలో కాదు, ఊళ్ళో ఉంది. గుడి దగ్గర అరటిపండ్లు, రోడ్డు పక్కన మిగిలిన అన్నం, చెత్తకుప్ప. ఇవి కోతికి ఊరు అలవాటు చేసే దినుసులు. మర్రి, రావి, నేరేడు లాంటి చెట్లు రోడ్లకు, ఇళ్ళకు పోయాయి. పండు దొరికే చెట్టు పోయి, పండు ఇచ్చే చెయ్యి మిగిలింది. భక్తితో పెట్టే పండు వల్ల పుణ్యం వస్తుందో లేదో గానీ, ఆ గుంపు రేపు ఎవరి చేలో దిగుతుందో ఆ చిన్న రైతుకు నష్టం మాత్రం వస్తుంది. ఈ మాట ఊరి పెద్దలు, గుడి పెద్దలు కూర్చుని మాట్లాడుకోవాలి.

రెండో పని వంతుల కాపలా. ఒక్క రైతు తన ఎకరం కాపలా కాయడానికి నెలరోజులు పనులు మానుకుంటే కూలి డబ్బే కండె ధర తినేస్తుంది. పక్కపక్క చేలున్న పదిమంది కలిస్తే, పాల దశ నుంచి కండె గట్టిపడేవరకు నెలరోజుల్లో ఒక్కొక్కరికి మూడు రోజుల వంతు వస్తుంది. పాత మంచె, పాత వడిసెల ఇందుకే పుట్టాయి. రాయి కోతికి తగలాలని కాదు, దగ్గర పడాలని. కుక్క తోడుంటే మంచిది. ఇవాళ తూర్పు గట్టున కూర్చుంటే రేపు పడమటి గట్టున కూర్చోండి. గుంపు చేలోకి దిగాక తరమడం కంటే చెట్టు దిగుతున్నప్పుడే అదలించడం తేలిక.

మూడోది, చేను ఎంపిక. చెట్ల వరసకు, ఊరికి ఆనుకున్న గట్టున మొక్కజొన్న కాకుండా కోతి అంతగా ముట్టని పసుపు లాంటి పంట వేసే వీలుంటే చూడండి. చేను మీదికి వంగిన కొమ్మలు కొట్టించండి. పెరటి మళ్ళకు, కూరగాయల పాదులకు పాత చేపల వల కప్పుకోవచ్చు. తీరాన ఉన్న ఊళ్ళకు ఇది చవక.

కొండముచ్చును తెచ్చి కట్టేయడం చట్టం ఒప్పదు. ఢిల్లీలో అలా వాడుతుండగా ఆపించారు. తరువాత కొండముచ్చులా అరిచే మనుషులను పెట్టుకున్నారు. 2023లో జి-20 సమావేశాలప్పుడు కొండముచ్చు బొమ్మలు కూడా నిలబెట్టారు.

కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం ఉందిగా అంటారు. ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో 2006-07 నుంచి చేస్తున్నారు. తెలంగాణలో నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో ఇందుకు కేంద్రం తెరిచారు. అయితే పై లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆపరేషన్ అయిన కోతి కూడా బతికినన్నాళ్ళూ తింటుంది. దాని ఫలితం ఏళ్ళ తరువాత కనబడుతుంది తప్ప ఈ పంటకు కాదు. పంచాయతీ తీర్మానం చేసి అటవీ శాఖను అడగండి. ఈలోగా కాపలా మానకండి.

ఈ మూడు తప్పులు మాత్రం చేయకండి

మొదటిది, విషం. తవుడు, బెల్లం కలిసిన ఎర పురుగుకే కాదు, కోతికీ, గేదెకూ, కుక్కకూ, చేలో ఆడుకునే పసివాడికీ రుచే. కోతులు తిరిగే చేలో ఎర వాడకపోవడమే మంచిది. తప్పనిసరై వాడితే చిన్న ఉండ సుడి లోపలికి దిగేటట్లు వేయండి, గట్టు మీద, గిన్నెల్లో వదలకండి. చేతికి తొడుగు వేసుకోండి. మిగిలింది పూడ్చండి. ఆ చేలో పశువులను మేపకండి, పచ్చిమేత కోయకండి. ఇక కోతుల కోసమే విషం పెట్టడం అంటారా, అది నేరం. టోపీ కోతి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది. 2022 సవరణలో దాన్ని ఎక్కువ కాపుదల ఉండే మొదటి షెడ్యూలులో పెట్టారు. అటవీ శాఖ అనుమతి లేకుండా చంపకూడదు, పట్టకూడదు, మరోచోట వదలకూడదు.

రెండోది, కరెంటు తీగ. చేను చుట్టూ ఇంటి కరెంటు, మోటారు కరెంటు వదిలితే ముందు చచ్చేది తెల్లవారి నీళ్ళు కట్టడానికి వచ్చే మనిషే. ఒక కండె కోసం ఒక ప్రాణం. సోలారు కంచె వేరు. అది దెబ్బ తగిలించి వదిలే ఏర్పాటు. కానీ చెట్టు మీదుగా దూకే కోతికి అది ఒక్కటే చాలదు.

మూడోది, పట్టి పొరుగూళ్ళో వదలడం. మీ కోతి పొరుగువాడి చేలో దిగుతుంది. వాడూ అదే పని చేస్తే తిరిగి మీకే వస్తుంది. పురుగు విషయంలోనూ ఇంతే. మీరు మందు కొట్టి పక్కవాడు కొట్టకపోతే పక్క చేనే మీ చేనుకు విత్తనం.

ఒక ముఖ్యమైన మాట. కోతి కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి కుక్కకాటు సూదే వేయించుకోవాలి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు.

నష్టపోతే అడగండి

అడవి జంతువుల వల్ల పంట పోతే బీమా లేదనేదే ఇన్నాళ్ళూ రైతు ఏడుపు. ఫసల్ బీమా పథకంలో ఈ నష్టాన్ని అదనపు రక్షణగా 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా ఫోటోతో సహా తెలపాలన్నది అందులో షరతు. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అనేది రాష్ట్రం నిర్ణయించి ప్రకటించాలి. కనుక మీ ఊరి రైతు సేవా కేంద్రంలో మన జిల్లాకు ఇది ఉందా, అందులో కోతి ఉందా అని అడిగి తెలుసుకోండి. పంట నమోదు మాత్రం మానకండి. కౌలు రైతులు సాగుదారు హక్కు కార్డు తీసుకోవాలి. పుస్తకంలో పేరు లేని చేనుకు ఎవరూ లెక్క కట్టరు.

ఎవరికి ఏది?

గోడ మీద రాసి పెట్టుకోవాలంటే ఇంతే.

పురుగు రాత్రి వస్తుంది, కోతి పగలు వస్తుంది.
పురుగు మొలకలో వస్తుంది, కోతి కండెలో వస్తుంది.
పురుగు వేలల్లో కంటుంది, కోతి ఒక్కదాన్ని కంటుంది.
పురుగు నేర్చుకోదు గానీ మారుతుంది, కోతి మారదు గానీ నేర్చుకుంటుంది.
పురుగును గుడ్డులోనే నలపాలి, కోతిని గట్టు మీదే ఆపాలి.

ఇద్దరిలో ఒకరు ఎప్పటినుంచో మన పక్కనే ఉన్న పాతకాపు, ఒకరు 2018లో పిలవకుండా వచ్చినవాడు. ఇద్దరినీ ఒక్క రైతు ఒక్క ఎకరంలో గెలవలేడు. ఒకే వారం విత్తడానికీ పదిమంది కావాలి, వంతుల కాపలాకూ పదిమంది కావాలి. ఈసారి వరి కోతలప్పుడు గట్టు మీద కూర్చుని టీ తాగేటప్పుడే ఆ పదిమందీ ఎవరో మాట్లాడుకోండి. గింజ గుంటలో పడ్డాక మాట్లాడుకుందామంటే, అప్పటికే మొదటి దొంగ చేలో ఉంటాడు.